కీళ్లవాతంతో గుండెకూ ముప్పు: ధమనులు బిగుసుకుపోతే జరిగేదేమిటి?

దుర్గ్ (ఛత్తీస్‌గఢ్): దుర్గ్ జిల్లాలోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి అనేక తెలుగు కుటుంబాలు అప్పట్లో ఈ ఉక్కు నగరానికి తరలివచ్చాయి. ఆ తరం నేడు వృద్ధాప్యంలో ఉంది. ఈ వయసులో కీళ్లనొప్పులు సహజమేనని సరిపెట్టుకునేవారు ఎక్కువ. అయితే ఆ నొప్పికి కారణం రుమటాయిడ్ కీళ్లవాతం అయితే దాని ప్రభావం కీళ్లతో ఆగదు, గుండెను, రక్తనాళాలను కూడా తాకుతుంది.

ఏమిటీ వ్యాధి?

రుమటాయిడ్ కీళ్లవాతం అరుగుదల వల్ల వచ్చేది కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్లపైనే దాడి చేయడం వల్ల కలుగుతుంది. చేతివేళ్లు, మణికట్లు రెండువైపులా వాచడం, ఉదయం లేవగానే కీళ్లు చాలాసేపు పట్టేసినట్లుండటం దీని ముఖ్య లక్షణాలు. పురుషుల కంటే స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు అధికం.

ధమనులపై ప్రభావం

ఆరోగ్యవంతుల్లో బృహద్ధమనికి సాగే గుణం ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడు అది వ్యాకోచించి కొంత రక్తాన్ని తనలో నిలుపుకొంటుంది. గుండె విశ్రమించే క్షణంలో తిరిగి సంకోచించి ఆ రక్తాన్ని ముందుకు పంపుతుంది. కీళ్లవాతంలో టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపుకారక పదార్థాలు రక్తంలో పెరిగి, ధమనుల లోపలి పొరను దెబ్బతీస్తాయి. క్రమంగా గోడలు సాగే గుణాన్ని కోల్పోతాయి. అప్పుడు ప్రతి స్పందనకూ గుండె ఎడమ జఠరిక అధికంగా శ్రమించాలి. మెదడు, మూత్రపిండాల్లోని సున్నితమైన రక్తనాళాలపై ఒత్తిడి పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు అధికమవుతుంది.

ఎలా కొలుస్తారు?

మెడ వద్ద ధమని నుంచి గజ్జ వద్ద ధమని వరకు నాడీ తరంగం ఎంత వేగంగా ప్రయాణిస్తుందో కొలవడం ప్రామాణిక పద్ధతి. ధమని ఎంత బిగుసుకుంటే తరంగం అంత వేగంగా సాగుతుంది. సెకనుకు 10 మీటర్లకు మించిన వేగాన్ని ప్రమాద సూచికగా పరిగణిస్తారు. ఈ పరికరం అన్ని ఆసుపత్రుల్లో లభించదు. రక్తపోటు అంకెల్లోనూ కొంత సూచన దొరుకుతుంది. పైఅంకెకు, కిందిఅంకెకు మధ్య తేడా వృద్ధులలో 60, ఆపైన ఉంటే ధమనులు బిగుసుకుంటున్నాయని వైద్యులు అనుమానిస్తారు. ఉదాహరణకు 150/80 రీడింగులో ఈ తేడా 70.

కొలెస్ట్రాల్ తగ్గినా భరోసా లేదు

వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గవచ్చు. గుండె ముప్పు మాత్రం తగ్గదు సరికదా, పెరుగుతుంది. అందుకే వ్యాధి అదుపులో ఉన్న సమయంలో కొలెస్ట్రాల్ పరీక్ష చేయించాలని ఐరోపా కీళ్లవ్యాధుల వైద్య సమాఖ్య సూచిస్తోంది. సాధారణ గణన ప్రకారం వచ్చిన గుండె ముప్పు అంచనాను ఈ రోగుల విషయంలో 1.5తో హెచ్చించాలని, కనీసం అయిదేళ్లకోసారి పరీక్షించాలని కూడా ఆ సంస్థ సిఫార్సు చేసింది. మరో ఇబ్బంది ఉంది. ఈ రోగులలో ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావడం ఇతరుల కంటే ఎక్కువ.

పారిశ్రామిక ప్రాంతాల్లో అదనపు జాగ్రత్త

దుమ్ముకూ కీళ్లవాతానికీ ఉన్న సంబంధాన్ని బ్రిటన్ వైద్యుడు ఆంథొనీ కాప్లాన్ 1953లో దక్షిణ వేల్స్ బొగ్గుగని కార్మికులలో గుర్తించారు. సిలికా ధూళిని దీర్ఘకాలం పీల్చడం ఈ వ్యాధి ముప్పును పెంచుతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. పొగతాగే అలవాటు తోడైతే ముప్పు మరింత హెచ్చు. గనుల్లో, రాతి పనుల్లో, కొలిమి ఇటుకల పనుల్లో ఉన్నవారికి ధూళి నుంచి రక్షణ అవసరం. బీడీ, సిగరెట్లతోపాటు ఛత్తీస్‌గఢ్‌లో పళ్లకు రుద్దుకునే గుడాఖులోనూ పొగాకు ఉంటుంది. దానిని కూడా మానడమే క్షేమం.

చికిత్సతో మార్పు సాధ్యమే

వాపును అదుపు చేస్తే ధమనుల పరిస్థితి మెరుగుపడుతుంది. టీఎన్ఎఫ్‌ను నిరోధించే మందులు వాడిన రోగులలో నాడీ తరంగ వేగం తగ్గిందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2006లో వెల్లడించారు. మెథోట్రెక్సేట్ వంటి మందులను వైద్యులు చెప్పిన విధంగా క్రమం తప్పక వాడాలి. సొంతంగా దుకాణంలో కొని దీర్ఘకాలం వాడే నొప్పి మాత్రలు రక్తపోటును, గుండె ముప్పును పెంచగలవు. స్టెరాయిడ్లను వైద్యుల పర్యవేక్షణలో, వీలైనంత తక్కువ మోతాదులో, తక్కువ కాలం మాత్రమే వాడాలి. వాటిని అకస్మాత్తుగా మానడమూ ప్రమాదకరమే.

కీళ్లవాతం నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరూ రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి. కీళ్ల వైద్యుణ్ని కలిసినప్పుడు గుండె గురించి అడగాలి. గుండె వైద్యుణ్ని కలిసినప్పుడు తమకు కీళ్లవాతం ఉందని తప్పక చెప్పాలి. ఆయాసం, అకారణమైన నీరసం, దవడ లేదా ఎడమ చేతిలో నొప్పి కనిపిస్తే కీళ్లనొప్పిగా భావించి ఆలస్యం చేయక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.