పాల క్యాన్లలో దాచిన కాగితాలు

దూరదేశంలో ఉన్న బిడ్డకి ఉత్తరం రాయాలి. 25 మాటలకి మించకూడదు. ఇంటి సంగతులు తప్ప మరేమీ రాయకూడదు. రాసింది దారిలో అధికారులు చదువుతారు. చేరడానికి నెలలు పట్టొచ్చు. అలాంటప్పుడు ఏ తల్లయినా ఏం రాస్తుంది?

రెండో ప్రపంచ యుద్ధం నాటి యూదు కుటుంబాల ఉత్తరాల గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నా మనసులో ముందుగా నిలిచిపోయిన ప్రశ్న ఇదే.

1938 డిసెంబరు నుంచి 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేదాకా జర్మనీ, ఆస్ట్రియా, చెకొస్లొవేకియా, పోలండ్‌ల నుంచి సుమారు 10,000 మంది పిల్లల్ని రైళ్లెక్కించి బ్రిటన్‌కి పంపించారు. దాన్ని కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అంటారు. వాళ్లలో ఎక్కువమంది యూదుల పిల్లలే. పిల్లలకి అనుమతి దొరికింది, తల్లిదండ్రులకి దొరకలేదు. స్టేషన్లో చేతులూపి ఇంటికి తిరిగొచ్చిన ఆ తల్లులు మొదట్లో ఉత్తరాలు రాశారు. చలికి స్వెట్టర్ వేసుకుంటున్నావా, సరిగ్గా తింటున్నావా అని ఏ తల్లి అయినా అడిగే మాటలే. యుద్ధం మొదలవగానే రెండు దేశాల మధ్య తపాలా ఆగిపోయింది. ఇక చాలామందికి మిగిలింది రెడ్‌క్రాస్ ద్వారా పంపే సందేశమే. అదే ఈ 25 మాటల కాగితం. జవాబు కూడా దాని వెనకవైపే రాసి పంపాలి.

కొందరు తల్లిదండ్రుల చివరి సందేశాల్లో తాము ప్రయాణమవుతున్నామనో, చిరునామా మారుతోందనో ఉంటుంది. ఎక్కడికో ఉండదు. ఆ తరవాత సందేశాలు రావు. ఆ ప్రయాణం నిర్బంధ శిబిరాలకని పిల్లలకి తెలిసేసరికి యుద్ధం ముగిసిపోయింది.

ఆ కాగితాల్ని పిల్లలు పారేయలేదు. బిస్కెట్ డబ్బాల్లో, పాత సూట్‌కేసుల్లో పెట్టి ఏళ్ల తరబడి దాచుకున్నారు. చాలామంది తమ కడుపున పుట్టినవాళ్లకి కూడా చూపించలేదు. వాళ్లు పోయాక అల్మారాలు సర్దుతున్న మనవలకి అవి కనపడ్డాయి. కనపడినా చదవలేకపోయారు. భాష జర్మన్ కావడం ఒక కారణమైతే, రాత ఇంకో కారణం. అప్పటి పెద్దవాళ్లు రాసిన పాత గొలుసుకట్టు రాతని 1941లో జర్మన్ ప్రభుత్వమే బళ్లలో నేర్పడం ఆపించేసింది. ఈనాటి జర్మన్లకే అది తేలిగ్గా అర్థం కాదు. నాయనమ్మ చేతిరాత చేతిలోనే ఉంటుంది గానీ ఆమె ఏమందో తెలీదు.

అక్కడే ఒక చిక్కు కూడా మొదలవుతుంది. ఆ ఉత్తరాల్ని ఇంట్లోనే ఉంచుకోవాలా, ఏదైనా సంస్థకి ఇవ్వాలా? ఇస్తే అమ్మ జ్ఞాపకం చేయి దాటిపోతుంది. ఇవ్వకపోతే తడికో చెదకో పోతుంది, లేకపోతే తరవాతి తరం వాళ్లు పాత కాగితాల వాడికి వేసేస్తారు. ఇందులో ఎవర్నీ తప్పు పట్టలేం. అయితే ఈ విషయం తేల్చుకోవడానికి నాకు వార్సా నగరంలో జరిగిన ఒక కథ సాయపడింది.

1940 నవంబరులో నాజీలు వార్సాలోని యూదుల్ని ఒక వాడలోకి తోసి, గోడ కట్టి మూసేశారు. దాన్నే గెట్టో అన్నారు. నాలుగు లక్షల మందికి పైగా అందులో ఆకలితో, జబ్బులతో బతికారు. వాళ్లలో ఎమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే నలభై ఏళ్ల చరిత్రకారుడు ఉన్నాడు. తమ చరిత్రని తమని చంపేవాళ్లే రాస్తారన్న భయంతో ఆయన సుమారు అరవై మందిని రహస్యంగా కూడగట్టాడు. వాళ్లు శనివారాలు కలుసుకునేవారు. అది యూదుల విశ్రాంతి దినం కాబట్టి ఆ బృందానికి ఆ రోజు ఆనందం అని అర్థం వచ్చేలా ఓనెగ్ షాబెస్ అని పేరు పెట్టుకున్నారు.

వాళ్లు ఏమేం పోగు చేశారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. డైరీలు, వ్యాసాలు, రహస్య పత్రికలు సరే. ట్రాము టికెట్లు, రేషన్ కార్డులు, మిఠాయి చుట్టిన కాగితాలు, నాటకాల పోస్టర్లు కూడా దాచారు. ఒక్కో వాటాలో ఎన్నో కుటుంబాలు ఇరుక్కుని ఉండేవి. ఏ ఇంటివాళ్ల కోసం గంట ఎన్నిసార్లు కొట్టాలో తలుపు దగ్గర రాసి పెట్టుకునేవారు. అదీ దాచారు. సెసీలియా స్వాపకోవా అనే ఆవిడ గెట్టోలో ఆడవాళ్లు సంసారం ఎలా ఈదుకొస్తున్నారో వాళ్లని అడిగి రాసింది. రాహేల్ అవర్‌బాహ్ పేదలకి సూప్ పోసే వంటశాల నడుపుతూ, అక్కడ చూసింది రాసింది. పెరెట్స్ ఒపొచిన్‌స్కీ గెట్టోలో పోస్ట్‌మన్‌గా పనిచేస్తూ ఆ బతుకు గురించే రాశాడు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలూ, కార్డులూ అందులో చేరాయి. తీసుకుపోయిన మనుషులు తిరిగి రావడం లేదన్న కబురు గోడ లోపలికి వచ్చిన దారుల్లో అదొకటి.

1942 జులై 22న గెట్టో నుంచి ట్రెబ్లింకా మరణశిబిరానికి రైళ్లు మొదలయ్యాయి. ఇక సమయం లేదని తెలిసి, ఆగస్టు మొదట్లో పది రేకు పెట్టెల్లో కాగితాలు నింపి, నోవోలిప్కి వీధి 68వ నంబరులోని బడి కింద పాతిపెట్టారు. ఆ పని చేసింది ఇజ్రాయెల్ లిఖ్టెన్‌ష్టైన్ అనే బడిపంతులు, ఆయన శిష్యులిద్దరు. దావిద్ గ్రాబర్‌కి 19 ఏళ్లు, నహూమ్ గ్షివాచ్‌కి 18. మూతలు పెట్టేముందు ముగ్గురూ తమ గురించి తలో కాగితం రాసి లోపల పెట్టారు. అమ్మానాన్నలు ఉంటున్న ఇంటిని చుట్టుముట్టారని కబురొచ్చింది, చూడటానికి పరిగెడుతున్నాను, నా పేరు గుర్తుంచుకోండి అనే అర్థంలో రాశాడు నహూమ్. పంతులుగారు తనకి పేరు అక్కర్లేదనీ, తన భార్యనీ కూతుర్నీ గుర్తుంచుకుంటే చాలనీ రాశాడు. భార్య గెలా సెక్‌ష్టైన్ చిత్రకారిణి. ఆమె వేసిన బొమ్మలు కూడా అదే పెట్టెల్లోకి వెళ్లాయి. కూతురు మార్గలిత్ వయసు అప్పటికి 20 నెలలు.

1943 ఫిబ్రవరిలో ఇంకొన్ని కాగితాల్ని రెండు పెద్ద పాల క్యాన్లలో పెట్టి అదే చోట పాతారు. యుద్ధం ముగిసేసరికి ఆ అరవై మందిలో మిగిలింది ముగ్గురే. హెర్ష్ వాసెర్, ఆయన భార్య బ్లూమా, సూప్ వంటశాల రాహేల్. రింగెల్‌బ్లూమ్‌ని 1944 మార్చిలో భార్యతో, కొడుకుతో సహా చంపేశారు. వార్సా అంతా రాళ్లకుప్ప. వీధి ఎక్కడో, బడి ఎక్కడో ఆనవాలు లేదు. అయినా ఆ ముగ్గురూ పట్టు విడవలేదు. 1946 సెప్టెంబరు 18న పది పెట్టెలు దొరికాయి. 1950 డిసెంబరు 1న ఇళ్లు కట్టే కూలీలకి పాల క్యాన్లు తగిలాయి. ఇంకోచోట పాతిన మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. దొరికినవి సుమారు 35,000 పేజీలు. వార్సాలోని యూదు చరిత్ర సంస్థలో ఉన్నాయి. 1999లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది.

రేకు పెట్టెల్లోకి నీళ్లు దిగాయి. కాగితాలు ఉబ్బి, బూజు పట్టి, కొన్నిచోట్ల సిరా వెలిసిపోయింది. గట్టి మూత ఉన్న పాల క్యాన్లలోవి చాలా నయంగా బయటపడ్డాయి. కాగితం బతకడం ఒక్కోసారి మూత మీదే ఆధారపడుతుందన్నమాట.

ఇప్పుడు ఇలాంటి కాగితాల్ని భద్రపరిచేవాళ్లు చేసే పని చూస్తే పెద్ద మంత్రాలేమీ లేవు. తుప్పు పట్టిన గుండుసూదులు, పిన్నులు తీసేస్తారు. మడతలు మెల్లిగా విప్పుతారు. ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్లలో పెట్టి, వెలుతురు, తేమ తగలని చోట ఉంచుతారు. గుర్తులు పెన్సిల్‌తోనే రాస్తారు. సెల్లోటేపు అంటించరు, లామినేషన్ అసలే చేయించరు. మనం ప్రేమ కొద్దీ చేసే ఈ రెండు పనులే కాగితాన్ని తిరిగి బాగుచెయ్యలేనంతగా పాడుచేస్తాయి. కవర్లు కూడా పారేయరు. తేదీ, ఊరు, సెన్సారు ముద్ర ఉండేది వాటి మీదే. ఆ తరవాత స్కాన్ తీస్తారు, పాత రాత వచ్చినవాళ్లతో చదివించి మామూలు అక్షరాల్లోకి ఎత్తి రాయిస్తారు. ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్, అమెరికాలోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం, లండన్‌లోని వీనర్ లైబ్రరీ ఇలా ఇళ్లల్లోని కాగితాల్ని తీసుకుని కాపాడుతున్నాయి.

జర్మనీలోని ఆరోల్సెన్ అభిలేఖాగారం వాళ్లది ఇంకో దారి. శిబిరాల్లో ఖైదీల దగ్గర లాక్కున్న పర్సులు, ఉంగరాలు, ఫోటోలు, ఉత్తరాలు వాళ్ల దగ్గర మిగిలాయి. సొంతదారుల కుటుంబాల్ని వెతికి అవి తిరిగి ఇచ్చేస్తున్నారు. ఆ సామాను ఎక్కువగా యూదులు కాని ఖైదీలది. అయినా అందులోని న్యాయం ఒకటే. చదవాల్సింది లోకం అయినప్పుడు లోకానికి, అందుకోవాల్సింది ఇంటివాళ్లు అయినప్పుడు ఇంటికి.

తెలుగులో దాచుకోవడం అనీ, దాచిపెట్టడం అనీ రెండు మాటలున్నాయి. మొదటిది మనకోసం. రెండోది ఇంకొకరికి అందాలని కూడా అనుకోవచ్చు. బిస్కెట్ డబ్బాలో ఉత్తరం పెట్టుకున్న కూతురు అమ్మని దాచుకుంది. ఆ బాధకి ఆ హక్కు ఉంది. బడిపంతులు తన ఇంటి ముగ్గురినీ ఊరందరి కాగితాల మధ్య దాచిపెట్టాడు. ఎవరు తవ్వుతారో, అసలు తవ్వుతారో లేదో తెలీకుండానే. మన చేతికొచ్చిన ఉత్తరాన్ని మొదటి తరం దాచుకున్నా, రెండో తరం చదివించి, నకలు ఇంట్లో ఉంచుకుని, అసలుని భద్రమైన చోటికి చేర్చడమే సరైనదని నాకు అనిపిస్తోంది.

గెలా, ఆమె భర్త, వాళ్ల పాప ఎవరూ బతకలేదు. ఆ పాపకి రెండేళ్లు కూడా నిండకముందు వాళ్ల నాన్న ఒక కాగితం మీద పేరు రాసి పెట్టెలో పెట్టాడు. అందుకే ఇంత దూరంలో, ఇంత కాలానికి, ఈ ఇంట్లో కూర్చుని నేను మార్గలిత్ అని పలకగలుగుతున్నాను.