కంటిరెప్పకు ఆరు రంగులు

కౌంటర్ వెనకున్న అమ్మాయి నల్లటి చిన్న ప్యాలెట్ పెట్టె తెరిచి మీ ముందు పెట్టింది. లోపల ఆరు గుండ్రటి గదులు, అన్నీ ఖాళీ. అడుగున అయస్కాంతం. గాజు అరలో వరసలు వరసలుగా విడి ఐషాడోలు. ఒక్కోటీ పది రూపాయల బిళ్లంత, 26 మిల్లీమీటర్ల రేకు పళ్లెంలో గట్టిగా అదిమిన పొడి. వీటిని పాన్‌లంటారు. నచ్చినవి ఏరి పెట్టెలో పెడితే అయస్కాంతం పట్టి ఉంచుతుంది. ఒకటి అయిపోతే దాన్ని తీసి అక్కడ కొత్తది పెట్టుకోవచ్చు.

పక్కన మీ చెల్లి. వచ్చే నెలలో పెళ్లి, ముహూర్తం అర్ధరాత్రి దాటాక. వంకాయ రంగు ధర్మవరం పట్టుచీరతో పీటల మీద కూర్చుంటుంది, జీలకర్ర బెల్లం అయ్యాక మధుపర్కాల్లోకి మారుతుంది. ఎవరు ఏ ముస్తాబు చేసినా కళ్లు మాత్రం అక్కే దిద్దాలని పట్టుబట్టింది.

"అక్కా, ఇది చూడు ఎంత మెరుస్తోందో!"

అప్పుడే తన వేలు రాగి రంగు షిమ్మర్ మీదకు పోయింది. ఎవరి వేలైనా ముందు అటే పోతుంది. ఆపండి. మెరుపుల సంగతి చివర్లో చూద్దాం. ముందు మెరవని రంగులు, అంటే మ్యాట్‌లు ఎంచుకోవాలి. ప్యాలెట్ కుదిరినా చెడినా వాటితోనే.

కౌంటర్ అమ్మాయి అలవాటుగా చెల్లి ముంజేతి లోపలివైపు రంగు పూయబోయింది. వద్దనండి. అక్కడి చర్మం ఎండ ఎరగదు, రెప్పకన్నా బాగా తెలుపు. మనవాళ్లలో చాలామందికి రెప్పలు బుగ్గలకన్నా ఒక ఛాయ ముదురుగా ఉంటాయి. చెల్లిదీ అంతే. చెయ్యి తిప్పి, వెనకవైపు వేళ్ల కణుపులకు దగ్గరగా పూయించండి. నలుగురూ వేళ్లు పెట్టిన టెస్టర్‌ను మాత్రం కంటికి తాకించకండి.

మొదటి పాన్ రెప్పంతా ఒకే ఛాయలోకి తెచ్చే లేత తేనె రంగు. అది త్వరగానే దొరికింది. చిక్కంతా రెండోదాని దగ్గరే. రెప్పకు పైన, కనుబొమ ఎముక కింద కాస్త లోతుగా ఉండే చోటును క్రీజ్ అంటారు. ముదురు రంగు గీత గీసినట్టు ఆగిపోకుండా చర్మంలో కలిసిపోవాలంటే అక్కడ ట్రాన్సిషన్ షేడ్ పడాలి.

"ఇది అందరూ తీసుకుంటారు మేడం" అంటూ ఆ అమ్మాయి బూడిద కలిసిన లేత గోధుమ రంగు తీసింది. పాన్‌లో ముద్దుగానే ఉంది. చేతి మీద రెండుసార్లు బ్రష్ తిప్పగానే తెల్లగా పొడి తేలింది. రంగు లేతగా రావడానికి కలిపే తెల్ల పిగ్మెంటు, టైటానియం డయాక్సైడ్, ఎక్కువైతే చామనఛాయ మీద ఇలాగే బూడిద కొడుతుంది. తమ రంగుకు ఐషాడోలు నప్పవని ఎంతమంది అమ్మాయిలు ఈ ఒక్క షేడ్ చూసుకుని అనుకున్నారో! లోపం చర్మానిది కాదు, ఆ పొడిది. పక్కన పెట్టించండి.

ఇంకోటి, మరోటి. ఆ తర్వాత తీసినది కాఫీపొడి రంగుకు కాస్త లేత, లోపల పసుపూ ఎరుపూ రెండూ ఉన్నాయి. బ్రష్ తిప్పేకొద్దీ అంచు కరిగిపోతోంది. రంగు ఎక్కడ ఆగిందో, చర్మం ఎక్కడ మొదలైందో కనిపెట్టలేకపోతున్నారు. కావలసింది ఇదే. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్ల పాళ్లు మార్చి కలిపితే ఇలాంటి గోధుమ ఛాయలన్నీ వస్తాయి. మన ఎర్రనేలలకు ఆ ఎరుపు వచ్చిందీ ఐరన్ ఆక్సైడ్ వల్లే. అందుకేనేమో ఇవి మన ఒంటి మీద ఇంత సహజంగా ఒదుగుతాయి. ఈ ఒక్క పాన్ కోసం గంట పట్టినా పట్టనివ్వండి.

మూడోది ఇటుక రంగు. నాలుగోది కంటి కొసలకూ, రెప్పవెంట్రుకల మొదళ్లకూ పనికొచ్చే చిక్కటి కాఫీపొడి రంగు.

ఇక షిమ్మర్లు. చెల్లి ముఖం వెలిగింది. బంగారు పాన్‌ను వేలికొసతో తాకి వెలుతురుకు పట్టండి. మెరుస్తున్నది అభ్రకం. నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతపు గనులకు పేరు తెచ్చిన ఖనిజమే. దాన్ని మెత్తగా పొడి చేసి రేణువులకు టైటానియం డయాక్సైడ్ పూత వేస్తారు. ఇందాక బూడిద కొట్టినదే, ఇక్కడ పల్చటి పొరగా మారి మెరుపునిస్తోంది. ఆ పొర మందం పెరిగేకొద్దీ వెండి మెరుపు బంగారమవుతుంది, తర్వాత ఎరుపు, నీలం, పచ్చ.

సంచిలో చీర బ్లౌజు ముక్క ఉందిగా, తీయండి. జరీ అంచును వేలి పక్కన పెట్టి చూడండి. ఒక బంగారం జరీ పక్కన వెలవెలబోయింది. ఇంకోటి పచ్చగా కొట్టొచ్చినట్టుంది. మూడోది, కాస్త పాతబడిన బంగారు రంగు, జరీతో కలిసిపోయింది. ఐదో గది దానికే.

"వంకాయ రంగు చీరకు వంకాయ రంగే వేయాలి కదక్కా?"

అక్కర్లేదు. మధుపర్కాల తెలుపు మీదకు ఎర్రంచు వచ్చేసరికి రెప్పల మీది వంకాయ రంగు ఒంటరిదైపోతుంది. జరీ బంగారమూ ఇటుక రంగూ రెండు చీరలకీ నప్పుతాయి. వంకాయ రంగు అంత మనసైతే తడి బ్రష్‌తో కింది రెప్ప వెంట సన్నగా దిద్దితే చాలు. శాకాహారం పట్టింపున్న ఇల్లయితే ఆ పాన్ వెనక చీటీ మీద సి.ఐ. 75470 ఉందేమో చూడండి. అది కార్మైన్, కాక్టస్ మొక్కల మీద బతికే పురుగుల నుంచి తీసే ఎరుపు. వంకాయ, గులాబీ రంగుల్లో దాన్ని వాడుతుంటారు.

చెల్లి ఇంకా వదల్లేదు. నెమలికంఠం రంగు పాన్ తెచ్చింది. విడిగా చూస్తే ఎవరికైనా మనసు పడుతుంది. కానీ పెట్టెలోకి వచ్చే రంగు మిగతావాటితో కాపురం చేయాలి. చేతి మీద ఇటుక రంగు అడ్డంగా ఒక గీత, దాని మీద నెమలికంఠం నిలువుగా ఇంకో గీత వేసి, కలిసే చోట బ్రష్ తిప్పండి. పచ్చా ఎరుపూ ఒకదాన్నొకటి చంపుకుని బురద రంగు మిగిలింది. పాత బంగారంతో అదే పని చేస్తే ఇటుక రంగు రాగిలోకి తిరిగింది. నా లెక్కలో ఇంతకు మించిన పరీక్ష లేదు. పక్కపక్కన పూసిన చారలు చూసి కొన్న ప్యాలెట్లలో సగం రంగులు ముట్టుకోకుండా ఉండిపోతాయి.

ఐదు రంగులకే బిల్లు వేయించండి. ఇంటికెళ్లాక ఒక రాత్రి చెల్లికి పూర్తిగా వేసి, పట్టుచీర చుట్టి ఒకసారి, తెల్లచీర చుట్టి ఒకసారి, వీడియో లైటంత గట్టి దీపం కింద కళ్లు మూయించి, తెరిపించి ఫొటోలు తీయండి. ఆరో గదికి వంకాయ రంగు కావాలో, ఇంకో మెరుపు కావాలో ఆ ఫొటోలు చూసి తేల్చుకుని, అప్పుడు వచ్చి కొనండి.