సముద్రము నెఱుగని సీమ, సముద్రయుద్ధములు

అనంతపురము సీమలో ఏ కొండ యెక్కి చూచినను సముద్రము కానరాదు. ఇచ్చట వాన తక్కువ. పెక్కేండ్లు చెరువులు నిండవు. పెన్నలో నీటికంటె నిసుకయే హెచ్చు. ఇట్టి సీమవారికి తెరచాపల యోడలతోడను, ఆంగ్లేయ నౌకాధిపతులతోడను ఏమి పని యని చదువరు లడుగవచ్చును. మనము సాధారణముగ జదువు చరిత్రము ఈ ప్రశ్నకు ప్రత్యుత్తర మీయదు. శ్రీరంగపట్టణము పడినది, నిజాము ఈ మండలములను దత్తము చేసెను, మన్రోదొర వచ్చి పన్ను నిర్ణయించెను అని చెప్పి యూరకుండును. అయితే గుత్తి, పెనుగొండ, రాయదుర్గముల క్రింది పొలముల భాగ్యము ఆ కోటల బురుజులపై నెంత నిర్ణయమయ్యెనో, ఈ సీమవారు కన్నులార జూడని యుప్పునీటిపైనను అంత నిర్ణయమయ్యెను. ఆ సంగతిని దెలుపుటయే యిచ్చట మా యుద్దేశము.

ఆ కాలపు యుద్ధనౌక యెట్టిదో మొదట దెలిసికొనవలెను. ఆంగ్లేయ నౌకాదళమునకు ముఖ్యబలము 74 ఫిరంగుల నౌక. దానియందు ఫిరంగులు రెండంతస్తులుగ నమర్పబడియుండును. క్రింది యంతస్తు ఫిరంగి యొక్కొక్కటి 32 పౌనుల గుండును విసరును. సుమారు 600 మంది ఆ కొయ్యగోడల నడుమ నెలల తరబడి నివసింతురు. గాలి యుండిననే దానికి నడక. గాలి పడిపోయినచో నెంతటి యడ్మిరలైనను చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. 1780 ప్రాంతమున ఆంగ్లేయులు ఓడల యడుగులకు రాగిరేకులు తొడిగించిరి. అందుచే కొయ్యను పురుగు తొలువక, నాచు పట్టక, ఓడలు వడిగా నడచెను. 1795 మొదలు నావికులకు నిమ్మరసము నియమముగ నిచ్చుటచే, చిగుళ్లు వాచి ప్రాణములు తీయు వ్యాధి తగ్గెను. సముద్రముపై గెలుచుటకు శౌర్యమొక్కటియే చాలదనియు, కంచరియు, వైద్యుడును, లెక్కలు వ్రాయువాడును గూడ యుద్ధము చేసినవారే యనియు దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక మన సీమ చరిత్రమునకు వత్తము. 1776లో గుత్తికోట మురారిరావు చేతినుండి హైదరాలీ వశమయ్యెను. భూమిపై హైదరును మించిన సేనానులు ఆ కాలమున దక్షిణదేశమున నరుదు. 1780లో నతడు కర్ణాటకముపై దండెత్తి ఆంగ్లేయులను గడగడలాడించెను. కాని ఆ డిసెంబరులోనే అడ్మిరలు సర్ ఎడ్వర్డు హ్యూసు మంగళూరు రేవున హైదరు నౌకలను నాశనము చేసెను. పిమ్మట హైదరున కాశ ఫ్రెంచి నౌకలపైననే. సఫ్రెన్ అను ఫ్రెంచి నౌకాధిపతి వచ్చి, 1782లో నాలుగు సారులును, 1783 జూనులో కడలూరు నెదుట నైదవసారియు హ్యూసుతో పోరాడెను. ఒకరి నొకరు సంపూర్ణముగ నోడింపలేకపోయిరి. ఆంగ్లేయులకు మాత్ర మొక మేలు కలదు. చోళమండలతీరమున పెద్దనౌకలు తలదాచుకొనదగిన రేవు లేదు. శరదృతువున ఈశాన్యపు గాలివానలు మొదలైనతోడనే నౌకాదళము తీరము విడువవలెను. ఆంగ్లేయులు బొంబాయికి బోయి, అచ్చటి డాకులో ఓడలను బాగుచేసికొని మరల వచ్చుచుండిరి. ఫ్రెంచివారికి హిందూదేశమున నట్టి డాకు లేదు. భూమిపై నాంగ్లేయుల నెన్నిమార్లు గొట్టినను సముద్రము నెండింపజాలనని హైదరు తుదిదినములలో విచారించినట్లు చరిత్రకారులు వ్రాసిరి. ఎండిన చెరువులను చూచి చూచి యలవాటుపడిన మనకు ఈ మాటలోని దుఃఖము మఱింత బాగుగ దెలియును.

తండ్రి విచారించిన లోపమును కొడుకు సవరింపబూనెను. 1796లో టిప్పుసుల్తాను నౌకాశాఖ నేర్పఱచి, సుమారు 40 యుద్ధనౌకలు కట్టింప నాజ్ఞాపించెను. ఊహ మంచిదే కాని కాలము మించిపోయెను. ఫ్రెంచివారి సహాయము గోరి మారిషస్ దీవికి రాయబారులను బంపగా, 1798లో వచ్చిన సైనికులు నూరుమంది ప్రాంతము మాత్రమే. ఆ యేటనే బోనపార్టు పెద్దసేనతో ఈజిప్టున దిగెను. అచ్చటినుండి హిందూదేశమునకు దారి తీయునని టిప్పున కాశ, ఆంగ్లేయులకు భయము.

ఆ యాశ 1798 ఆగస్టు 1వ తేదీ రాత్రితో నశించెను. నైలునది ముఖమున, అబూకీరు అఖాతమున, ఫ్రెంచి నౌకలు లంగరు దించి వరుసగ నిలిచియుండెను. తీరమునకును తమ వరుసకును నడుమ శత్రునౌకలు దూరజాలవని అడ్మిరలు బ్రూయి నమ్మియుండెను. నెల్సను నౌకలు కొన్ని ఆ సందుననే దూరి, తక్కినవి వెలుపల నిలువగా, రెండు ప్రక్కలనుండి గుండ్లు గురిసెను. 13 పెద్దనౌకలలో రెండు మాత్రమే తప్పించుకొనెను. 120 ఫిరంగుల లోరియాను పేలి సముద్రమున గలిసెను, బ్రూయి మృతుడయ్యెను. బాల్యమున సీహార్సు అను నౌకపై మద్రాసు రేవు చూచినవాడు గనుక, ఈ వార్త హిందూదేశమున కెంత ముఖ్యమో నెల్సను ఎఱుగును. వెంటనే ఒక యుద్యోగిని మెట్టదారిని బొంబాయికి బంపెను. ఈస్టిండియా కంపెనీవారు నెల్సనునకు 10,000 పౌనులు బహుమాన మిచ్చిరి. వర్తకులు ఊరక ధనమీయరు గదా! 1799 జనవరిలో బోనపార్టు టిప్పునకు వ్రాసిన లేఖ ఆంగ్లేయుల చేతనే చిక్కెను. ఆ మే నెల 4వ తేదీన శ్రీరంగపట్టణమున టిప్పు పోరాడి ప్రాణము విడిచెను.

గెలుపులో భాగముగ గుత్తిసీమ నిజామునకు వచ్చెను. తనకడ నుంచిన యాంగ్లేయ సేన వ్యయమునకై, 1800 అక్టోబరు 12వ తేదీ సంధిచే, నిజాము ఈ మండలములను కంపెనీకి శాశ్వతముగ వదలివేసెను. 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను పేరు పెట్టుకొనువఱకును మనకు దత్తమండలములను పేరే నిలిచెను. థామస్ మన్రో కలెక్టరుగ వచ్చి అనంతపురమున మకాము చేసి, 1802 మొదలు పొలములను కొలిపించెను. నైలుముఖమున మ్రోగిన ఫిరంగుల ఫలితము నాలుగేండ్లకు మన రైతు చేనిలో కొలతగొలుసై పఱచుకొనెను.

మన్రో కొలతలు జరుగుచున్న దినములలోనే, తెలుగుదేశపు తీరమున నొక సముద్రయుద్ధము జరిగెను. నైలు యుద్ధమున గాని, మైసూరు పతనమున గాని ఫ్రెంచివారి నౌకాబలము పూర్తిగ నడగలేదు. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి అడ్మిరలు లినోయి, మారెంగో అను 74 ఫిరంగుల నౌకతోడను, మఱి రెండు చిన్న యుద్ధనౌకలతోడను విశాఖపట్టణము రేవుపై బడెను. అచ్చట రెండు వర్తకపుటోడలకు కావలిగ 50 ఫిరంగుల సెంచూరియను ఒంటరిగ నుండెను. దాని నాయకుడగు జేమ్సు లిండు ఆ సమయమున గట్టుపై నుండగా, మొదటి లెఫ్టెనెంటే పోరు సాగించెను. పిమ్మట లిండు పడవపై వచ్చి చేరెను. వర్తకపుటోడలలో బార్నబీ ఒడ్డునకు గొట్టుకొని పగిలెను; ప్రిన్సెస్ షార్లెటు ఫ్రెంచివారికి జిక్కెను. సెంచూరియను తాళ్లును తెరచాపలును చినిగియు లొంగలేదు. లినోయి వెనుకకు మరలెను. తరువాత 1806లో మారెంగోతోగూడ లినోయియే ఆంగ్లేయులకు బందీ యయ్యెను. ఆ దినమున విశాఖలో పోరినవా రిరువురును పరదేశులు, రేవు మనది.

అయినచో తెలుగువారు సముద్రవిద్య నెఱుగరా? ఎఱుగుదురు. గోదావరి ముఖమునగల కోరంగిలో ఓడలు కట్టు వడ్రంగులును, ఓడలు నడపు కలాసులును ఉండిరి. 1839 నాటి తుపానువఱకు కోరంగి పేరుగల రేవు. లోపము వేఱొకచోట నున్నది. తెలిసినవారిని మనము తక్కువ కులమువారంటిమి. పండితులమనుకొన్నవారము సముద్రయానము పాతకమని గ్రంథములు తిరుగవేసితిమి. పెనుగొండ రాజులు గుఱ్ఱములకై గోవా రేవునందలి పోర్చుగీసువారి ముఖము చూచిరిగాని, తమ యోడలపై దెప్పించుకొనలేదు. కోరంగి వడ్రంగికిని రాజాస్థాన పండితునకును నడుమనున్న దూరము, అనంతపురమునకును సముద్రమునకును గల దూరముకంటె హెచ్చు.

ఇట్లనుటచే ఆంగ్లేయ నౌకల యందలి యన్యాయమును మఱువరాదు. ఎందఱినో వీధులలో బట్టి బలవంతముగ నోడలెక్కించిరి. కొరడా దెబ్బలు నిత్యకృత్యములు. 1797లో స్పిట్‌హెడ్డునందు నావికులే జీతమునకును మంచి తిండికిని పని మానివేసిరి. మన మనుకరింపవలసినది ఆ కొరడాను గాదు. చేతిపనిని, శాస్త్రమును, రాజ్యతంత్రమును ఒకచోట గూర్చిన ఆ బుద్ధిని.

ఇది గతించిన కథ యని త్రోసివేయరాదు. నేడు అనంతపురపు రైతు వేరుసెనగ ధరను, ఇండోనీషియా మలేషియాలనుండి ఓడలపై వచ్చు పామాయిలు తలక్రిందులు చేయుచున్నది. మన దేశమునకు గావలసిన వంటనూనెలో సగమునకు పైగా సముద్రము దాటియే వచ్చును. మన చేనికి వచ్చు వానయు ఆ సముద్రమునుండియే పుట్టును. హైదరునకు వలెనే మనకును సముద్రము నెండించు శక్తి లేదు. దానిని జదువు శక్తి మాత్రము కలదు. కావున ప్రతిగృహమందును పంచాంగము ప్రక్కన హిందూమహాసముద్రపు పటము నొకదాని వ్రేలాడదీసి, పిల్లలకు, ముఖ్యముగ ఆడపిల్లలకు, గాలుల దారులను, రేవుల పేర్లను నేర్పుట మంచిది.