మందుకు తూము, తూముకు మూత

మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. చెరువు ఎంత నిండినా, ఆయకట్టుకు కావలసినప్పుడు కావలసినంత నీరే వదలాలి. అందుకే పెద్దలు తూము కట్టి, దానికి మూత పెట్టి, ఎత్తి దించడానికి నీరటిని నియమించారు. మందు సంగతీ అంతే. ఒక్కసారిగా ఒంట్లోకి వస్తే ముప్పు, చాలకపోతే దండగ. రోజూ మాత్రలతో కాలం గడిపే మన పెన్షనరు సోదర సోదరీమణులకు ఈ తూము కథ తెలియడం అవసరమని తలచి నాలుగు మాటలు రాస్తున్నాను.

మామూలు మాత్ర వేసుకున్న కొంతసేపటికి రక్తంలో మందు పాలు పెరిగి, తర్వాత తగ్గిపోతుంది. అందుకే పూటపూటకూ వేసుకోవాలి. దీనికి విరుగుడుగా 1952లో అమెరికాలోని స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ ‘స్పాన్సూల్’ అనే గొట్టం మాత్రను తెచ్చింది. అందులోని సన్నని గుళికలకు పలుచగా కొన్నింటికి, మందంగా కొన్నింటికి పూత వేశారు. పలుచని పూత ముందు కరుగుతుంది, మందపుది ఆలస్యంగా కరుగుతుంది. ఆ విధంగా ఒక్క మాత్రే గంటల తరబడి పనిచేసింది.

మన దేశంలో ఈ విద్యను మొదట చేపట్టిన వారిలో శ్రీ నన్నపనేని వెంకయ్య చౌదరి గారు ఒకరు. అమెరికాలో మందుల కంపెనీలలో పనిచేసి తిరిగివచ్చి, 1981లో హైదరాబాదులో నాట్కో సంస్థను స్థాపించారు. దాని కర్మాగారం ఉన్న కొత్తూరు అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలోది. 2016లో జిల్లాల పునర్విభజనతో మన రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది.

అయితే పూతకు కాలమే తెలుసు, చోటు తెలియదు. రోగం ఉన్న చోటనే మందు వదలాలంటే వేరే ఏర్పాటు కావాలి. దానికి దారి పెట్రోలు వైపు నుంచి రావడం విశేషం. 1992లో మోబిల్ ఆయిల్ కంపెనీ శాస్త్రజ్ఞులు ‘ఎం.సి.ఎం.-41’ అనే సిలికా పదార్థాన్ని ప్రకటించారు. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే. తేనెపట్టు గదుల వలె వరుసగా పేర్చిన సన్నని రంధ్రాలు ఇందులో ఉంటాయి. వాటి లోపలి గోడలన్నీ పరిస్తే, ఒక గ్రాము పొడికి ఇంచుమించు 1,000 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పది గుంటల చోటు వస్తుంది! 2001లో స్పెయిన్‌లో మరియా వాలెట్ రెగీ బృందం ఆ రంధ్రాలలో ఇబుప్రొఫెన్ అనే నొప్పుల మందును నింపి, అది మెల్లగా బయటికి వస్తుందని చూపింది.

కాని మూత లేని తూము నుంచి నీరు కారుతూనే ఉంటుంది కదా! 2003లో అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో విక్టర్ లిన్ బృందం ఆ రంధ్రాలకు మూతలు పెట్టింది. మిల్లీమీటరులో పది లక్షవ వంతును నానోమీటరు అంటారు. సుమారు 2 నానోమీటర్ల కాడ్మియం సల్ఫైడ్ రేణువులను గంధకపు బంధంతో రంధ్రాల మొగలకు బిగించారు. ఆ బంధాన్ని తెంచే రసాయనం తగిలితేనే మూత ఊడి, మందు బయటపడుతుంది. మన జీవకణాల లోపల ఉండే గ్లూటాథయోన్‌కు అటువంటి బంధాన్ని తెంచే శక్తి ఉంది. ఇక్కడ నీరటి అదేనన్నమాట. కాడ్మియం విషం గనుక తర్వాత ఇనుప ఆక్సైడు, బంగారు రేణువులు మూతలుగా వచ్చాయి. 2007లో అదే విశ్వవిద్యాలయం వారు బంగారు మూతల రేణువులతో మొక్కల కణాలలోకి జన్యువును, దాన్ని మేల్కొలిపే రసాయనాన్ని కూడా చేర్చారు.

రేణువు సరైన ఇంటికి చేరాలంటే చిరునామా కావాలి. అక్కడ మన తెలుగువాడు గుర్తుకొస్తాడు. భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అనేక క్యాన్సర్ కణాలు ఆ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలను ఎక్కువగా కలిగి ఉంటాయి. అందుచేత పరిశోధకులు నేడు ఆ ఆమ్లాన్నే రేణువులపై చిరునామా చీటీగా అతికిస్తున్నారు. 1948లోనే కన్నుమూసిన ఆ మహనీయుడు దీన్ని చూడలేదు.

ఈ మూతల రేణువులు ఇంకా ప్రయోగశాల దాటి మందుల దుకాణానికి రాలేదు. అవి ఒంట్లో ఎంతకాలం నిలుస్తాయి, ఎలా బయటికి పోతాయి అన్నవి తేలాలి. కనుక ‘నానో మందు’ అని ఎవరైనా ఇంటికి తెచ్చి అమ్మితే, డాక్టరును అడగనిదే డబ్బు ఇవ్వవద్దు.

పూత మందులు మాత్రం మన ఇళ్ళలోనే ఉన్నాయి. షుగరుకు, రక్తపోటుకు ఇచ్చే మాత్రల పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్. అని ఉంటే అవి మెల్లగా విడుదలయ్యేవి. మింగలేమని వాటిని నమలడం, పొడి చేయడం తగదు. తూము పగిలినట్లు రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి వస్తుంది. డాక్టరు చెబితే తప్ప సగం కూడా చేయరాదు. మింగడం కష్టమైతే ఆ మాటే డాక్టరుకు చెప్పండి, వేరే రూపంలో రాసిస్తారు. మాత్రలు అందించే కోడళ్ళకూ, మనుమలకూ ఈ సంగతి చదివి వినిపించవలసిందిగా మనవి.