పక్క చక్రాలు

కొంపల్లి దాటి మేడ్చల్ వైపు వెళ్ళే దారిలో ఇప్పుడు ఎటు చూసినా పెద్ద పెద్ద షాపులే, ఫంక్షన్ హాళ్ళే. వాటి ముందు బండ్లు నిలిపేచోట నీలం రంగు మధ్య తెల్లగా చక్రాల కుర్చీ బొమ్మ ఒకటి అక్కడక్కడా కనిపిస్తుంది. చూసే వుంటారు. దాని మీద ఎవరిదో కారు నిలబడి వుంటుంది గనక సగమే చూసి వుంటారు. ఆ బొమ్మ గీసిందెవరో తెలుసునా? ఒక ఆడపిల్ల. సుసానె కోఫోడ్ అని డెన్మార్కు అమ్మాయి, ఇంకా విద్యార్థినిగా వుండగానే 1968లో స్వీడన్‌లో గీసింది. ఆమె గీసినప్పుడు కుర్చీ వుందిగానీ కూర్చున్న మనిషికి తల లేదు. మరుసటి ఏడు కార్ల్ మోంటన్ అనే పెద్దమనిషి పైన చిన్న సున్న చుట్టి తల తగిలించాడు. ఆడపిల్ల పని చేస్తే తల మాత్రం మగవాళ్ళే పెట్టాలి కాబోలు!

బొమ్మ వయసు అరవై లోపేగానీ, నడవలేని మనిషి తన బండి తనే నడుపుకోవాలన్న కోరిక వయసు చాలా ఎక్కువ. 1655లో జర్మనీలో, న్యూరెంబర్గు దగ్గర ఆల్ట్‌డోర్ఫ్ అనే వూళ్ళో స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అని గడియారాలు చేసే కుర్రవాడు వుండేవాడు. కాళ్ళు పనిచేయవు. ఇరవై రెండేళ్ళ వయసు. గడియారంలో పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి ఎలా తిప్పుతాయో అతనికి కొట్టిన పిండి. ఆ విద్యంతా పెట్టి, చేతులతో తిప్పితే కదిలే మూడు చక్రాల బండి ఒకటి చేసుకున్నాడు. సైకిలు అప్పటికింకా పుట్టనే లేదు. మన బస్టాండ్ల దగ్గర, గుళ్ళ దగ్గర చేతులతో పెడల్ తిప్పుకుంటూ వెళ్ళే ట్రైసైకిళ్ళు చూస్తామే, వాటికి అతనే మూలపురుషుడు. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి చర్చికి మోయించుకుని వెళ్ళడం అతనికి ఎంత విసుగనిపించిందో చరిత్ర చెప్పదు. చెప్పకపోయినా మనకు తెలీదూ!

మోటార్లు వచ్చాక కథ మారింది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 1921లో, ముప్ఫై తొమ్మిదేళ్ళప్పుడు, కాళ్ళు పడిపోయాయి. తన బలహీనత లోకానికి కనపడకూడదని చక్రాల కుర్చీలో ఫొటోలు తీయనిచ్చేవాడు కాదు. కానీ 1936 నాటి ఫోర్డు కారుకి చేతి మీటలు పెట్టించుకుని తన వూళ్ళో తనే నడుపుకుంటూ తిరిగేవాడు. అంతటి అధ్యక్షుడికి డ్రైవర్లు లేకనా? స్టీరింగు తన చేతిలో వుండటంలో ఏదో వుంది. పెళ్ళయిన పదిహేనేళ్ళకి స్కూటీ నేర్చుకుని మొదటిసారి ఒంటరిగా సందు చివరి దాకా వెళ్ళొచ్చిన మన ఆడవాళ్ళనడిగితే అదేమిటో చెప్తారు.

ఇంగ్లండులో రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బెర్ట్ గ్రీవ్స్ అనే ఆయన, కదల్లేని తన బంధువు డెర్రీ ప్రెస్టన్ కాబ్ కుర్చీకి చిన్న ఇంజను బిగించాడు. అదే పెరిగి ఇన్వాకార్ అనే కంపెనీ అయింది. ప్రభుత్వం వేల బండ్లు చేయించి, లేత నీలం రంగు వేయించి, వికలాంగులకు ఇచ్చింది. మూడు చక్రాలు, ఒకే ఒక సీటు! భార్యనో బిడ్డనో పక్కన కూచోబెట్టుకునే వీల్లేదు. కాళ్ళు లేనివాడికి కుటుంబం మాత్రం ఎందుకుంటుందనుకున్నారో ఏమో. 2003లో ఆ బండ్లను రోడ్ల మీంచి తీసేశారు.

ఇక మన సంగతి. 1939లో చేసిన మోటారు వాహనాల చట్టం వీళ్ళ బండికి ఒక పేరు పెట్టింది: ఇన్వాలిడ్ క్యారేజి. 1988లో కొత్త చట్టం వచ్చినా ఆ పేరు అలాగే వుంచారు. ఇంగ్లీషులో ఆ మాటకు రెండర్థాలు. ఒక విధంగా పలికితే రోగిష్టి మనిషి, ఇంకో విధంగా పలికితే చెల్లనిది. రెండూ గౌరవమైనవి కావు. దాని నిర్వచనం ఇంకా చిత్రం. ఆ బండి వికలాంగుడి కోసం ప్రత్యేకంగా రూపకల్పన చేసి, ప్రత్యేకంగా నిర్మించినదై వుండాలట. మామూలు బండిని మార్చి చేసినదైతే పనికిరాదట. ఇంగ్లండులో ప్రభుత్వం చేయించి ఇచ్చింది గనక అక్కడ ఆ మాట అతికింది. మన దగ్గర మామూలు మనిషికి దొరికేదేమిటి? మామూలు స్కూటరే. దాన్ని ఎవరో ఒక మెకానిక్కు చేత మార్పించుకోవడమే. అంటే చట్టం ఒప్పుకునే బండి బజార్లో దొరకదు, బజార్లో దొరికే బండిని చట్టం ఒప్పుకోదు!

1981ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ ఏర్పడింది. హైదరాబాదులో మలక్‌పేట వైపు వెళ్ళే వాళ్ళందరికీ తెలిసిన ఆఫీసే. అంతకు ముందే, 1972లో, కాన్పూరులో కృత్రిమ అవయవాల కర్మాగారం పెట్టారు. కాలిపర్లు, చంక కర్రలు, చేతితో తిప్పే ట్రైసైకిళ్ళు పేదవాళ్ళ దాకా రావడం మొదలైంది. మంచిదే. కానీ మేడ్చల్ నుంచి సికింద్రాబాదుకి ఉద్యోగానికి వెళ్ళాలంటే చేతులతో తిప్పుకుంటూ ఎంత దూరమని వెళ్తారు? బస్సు ఎక్కాలంటే ఆ మెట్టు చీర కట్టుకున్న ఆరోగ్యవంతురాలికే అందదు.

నిజంగా తలుపు తీసింది చట్టమూ కాదు, పథకమూ కాదు. 1984లో వచ్చిన ఒక స్కూటరు, కైనెటిక్ హోండా. అంతవరకూ స్కూటరంటే కాలితో కిక్కు కొట్టాలి, ఎడం చేత్తో గేర్లు మార్చాలి, కుడికాలితో వెనక బ్రేకు తొక్కాలి. దీనికి మీట నొక్కితే చాలు, బయల్దేరుతుంది. గేర్లు లేవు. బ్రేకులు రెండూ చేతుల్లోనే. కంపెనీ వాళ్ళు అది వికలాంగుల కోసం చేయలేదు. ఆడవాళ్ళ కోసం కూడా అని మాత్రం ప్రచారం చేసుకున్నారు. కిక్కు కొట్టడం కష్టమైన వాళ్ళందరికీ, చీరలకీ కాలిపర్లకీ కూడా, ఒకే మీట దారి చూపించింది. ఈ రెండు జాతులూ ఒకేసారి రోడ్డెక్కాయని నేనంటే నవ్వకండి.

మా పెద్దమ్మ కూతురు ఆ జాతుల్లో రెండింటికీ చెందినది. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి తగ్గింది, ఎడమ కాలు మాత్రం సన్నబడిపోయింది. ఆ రోజుల్లో పోలియో రాని వీధి ఏ వూళ్ళోనూ వుండేది కాదు. (పల్స్ పోలియో మొదలైంది 1995లో. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని దేశంగా ధ్రువపత్రం ఇచ్చారు. అక్క వయసు వాళ్ళు ఆ పత్రానికి అవతలి ఒడ్డున వున్నవాళ్ళు.) బి.ఎ. చదివింది, ఉద్యోగం వచ్చింది. రోజూ దింపి రావడానికి తమ్ముడు. తమ్ముడికి పరీక్షలుంటే అక్కకి సెలవు. తమ్ముడికి కోపమొస్తే అక్కకి ఆలస్యం. 1993లో పాత కైనెటిక్ హోండా ఒకటి కొంది. "ఆడపిల్లకి, అందులో కాలు బాగాలేని దానికి బండేమిటి?" అని పెద్దమ్మ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రాణీగంజ్‌లో ఒక మెకానిక్కు వెనక చక్రానికి అటొకటి ఇటొకటి పక్క చక్రాలు బిగించి ఇచ్చాడు. నేనప్పుడు హైస్కూల్లో చదువుతున్నాను.

మొదటి రోజు అక్క సంచీ తగిలించుకుని కూరగాయలకని బయల్దేరింది. గంట తర్వాత ఖాళీ సంచీతో వచ్చింది. "ఏమే, ఏం తెచ్చావు?" అంది పెద్దమ్మ. "వెళ్ళొచ్చానమ్మా" అంది అక్క. అంతే. ఆ పూట పప్పుచారుతో సరిపెట్టుకున్నాం. పెద్దమ్మ మాత్రం ఆ రోజు కడుపునిండా తింది.

లైసెన్సు పుస్తకంలో బండి రకం దగ్గర ఇన్వాలిడ్ క్యారేజి అని రాసి ఇచ్చారు. అక్క నిఘంటువు తీసి చూసి పడి పడి నవ్వింది. "చూశావుటే, లైసెన్సిచ్చినట్టే ఇచ్చి చెల్లదని రాశారు!"

ఆ పక్క చక్రాల సంగతి కొంచెం చెప్పాలి. చూడ్డానికి పడిపోకుండా ఆసరాగా కనిపిస్తాయిగానీ, వాటి కష్టాలు వాటికున్నాయి. మామూలు స్కూటరు మలుపులో పక్కకి వొరుగుతుంది, ఇది వొరగదు. అందుకని మలుపులో వేగం తగ్గించాల్సిందే. మామూలు బండి గుంటను తప్పించుకోవాలంటే ఒక జాడ చూసుకుంటే చాలు. దీనికి మూడు జాడలు. మధ్య చక్రం తప్పించుకుంటే పక్క చక్రం దిగబడుతుంది. రోడ్డు అంచు వాలుగా వుంటే బండి మొత్తం అటే వంగుతుంది. పక్కకి జరగమని వెనకాల లారీవాడు హారను కొడతాడు. జరిగితే వాలు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మేడ్చల్ నుంచి షామీర్‌పేటకి కార్లు జువ్వున పోతున్నాయి. ద్విచక్ర వాహనాలకు దాని మీద ప్రవేశం లేదు గనక అక్క లాంటి వాళ్ళకు ఎప్పటిలా కింది దారే.

ఆపడం ఇంకో ప్రహసనం. స్కూటర్ల వరుసలో రెండు బండ్ల మధ్య ఇది పట్టదు. కార్ల వరుసలో పెడితే వాచ్‌మన్ ఒప్పుకోడు. పోనీ, కారు నడిపే వికలాంగులకైనా సుఖమా? మన జాతీయ భవన నియమావళి ప్రకారం వాళ్ళ కారుకి 3.6 మీటర్ల వెడల్పు చోటు వుండాలి. అది ముఖద్వారానికి 30 మీటర్ల లోపల వుండాలి. అంత వెడల్పెందుకని కొందరు విసుక్కుంటారు. కారు తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, పక్కన చక్రాల కుర్చీ పట్టాలి, సీటులోంచి కుర్చీలోకి జరగాలి. పక్కవాడు ఆనించి పెట్టి వెళ్ళాడంటే ఈ మనిషి సినిమా అయ్యేదాకా కారులోనే కూచోవాలి, లేదా కారెక్కలేక బయట పడిగాపులు పడాలి. ఆ మిగిలిన జాగా ఖాళీ జాగా కాదు, తలుపు జాగా.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో ఇంకా పెద్దది వచ్చింది. రవాణా గురించి, బస్‌స్టాపుల్లో స్టేషన్లలో పార్కింగు గురించి, బండ్లను అనువుగా మార్పించుకోవడానికి సాయం గురించి అందులో రాశారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఇన్వాలిడ్ క్యారేజి అన్న మాట కొట్టేశారు. అడాప్టెడ్ వెహికిల్ అన్నారు. ప్రత్యేకంగా నిర్మించినదైనా సరే, పద్ధతి ప్రకారం మార్పు చేయించుకున్నదైనా సరే చెల్లుతుందన్నారు. రాణీగంజ్ మెకానిక్కు చేసిన పనిని చట్టం ఒప్పుకోవడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

ఇక్కడికి కథ షామీర్‌పేట చేరుతుంది. షామీర్‌పేట అంటే మనకు చెరువు, జింకల పార్కు, కార్తీకమాసంలో టిఫిన్ డబ్బాలు. అక్కడే 1998లో పుట్టిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వుంది. అందులో వికలాంగుల విషయాలు అధ్యయనం చేసే కేంద్రం ఒకటుంది. 2016 చట్టానికి ముందు, 2011లో తయారైన ముసాయిదాకు న్యాయ సలహా ఇచ్చింది ఆ కేంద్రమే. ఆ పనిలో ముందు నిలిచింది ప్రొఫెసర్ అమితా ధండా.

రాజీవ్ రాటూరి అనే చూపులేని ఆయన, రోడ్లూ రవాణా తన లాంటి వాళ్ళకు అందుబాటులో వుండాలని 2005లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2017 డిసెంబరులో తీర్పు వచ్చింది, గడువులు పెట్టారు, గడువులు గడిచాయి. అప్పుడు కోర్టు అసలు పరిస్థితి ఏమిటో చూసి చెప్పమని 2023లో షామీర్‌పేట కేంద్రాన్ని అడిగింది. వాళ్ళిచ్చిన నివేదిక పేరుకి తెలుగు చేస్తే అందరికీ సరిపడే కొలతలు వెతకడం అని వస్తుంది. దర్జీ దగ్గర ఒకే కొలతకి పదిమంది జాకెట్లు కుట్టించరని మనకి వేరే చెప్పాలా? 2024 నవంబరు 8న, ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ వున్న ధర్మాసనం ఆ నివేదికను ముందుపెట్టుకుని తేల్చి చెప్పింది. చట్టం 'చేసి తీరాలి' అంటోంది. ప్రభుత్వం దాని కింద చేసిన పదిహేనో నిబంధన మాత్రం మార్గదర్శకాల చిట్టా చూపించి 'చేస్తే బాగుంటుంది' అన్నట్టు వదిలేస్తోంది. అందుకని ఆ నిబంధన చట్టానికి విరుద్ధం. తప్పనిసరి ప్రమాణాలేవో వేరుచేసి మూడు నెలల్లో ప్రకటించండి, షామీర్‌పేట వాళ్ళను కూడా సంప్రదించండి అంది.

తప్పనిసరికీ, చేస్తే బాగుంటుందికీ తేడా అక్కకి ఏ కోర్టూ చెప్పక్కర్లేదు. కిందటి మాఘమాసంలో ఆ దారినే ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళికి వెళ్ళాం. పేరెందుకులెండి. అక్క ఇప్పుడు యాక్టివా నడుపుతోంది, పక్క చక్రాలు మామూలే. హాలుకి ర్యాంపు వుంది. చక్కగా నున్నటి రాయి వేశారు, పక్కన స్టీలు కడ్డీ కూడా పెట్టారు. ర్యాంపు నిండా వరసగా పూలకుండీలు. ఫొటోల్లో బాగా వస్తుందనిట. మేనేజరు మర్యాదస్తుడే. "అయ్యో అమ్మా" అని నొచ్చుకుని ఇద్దరు కుర్రాళ్ళ చేత నాలుగు కుండీలు పక్కకి తీయించాడు. అక్క లోపలికొచ్చి అక్షింతలు వేసింది, భోంచేసింది, అందర్నీ పలకరించింది. తిరిగి వెళ్ళే వేళకి కుండీలు నాలుగూ వాటి చోట్లలోకి వచ్చేశాయి. అక్క నన్ను కేకేసింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని జరిపాం.