ఖాళీ కుర్చీ వాదం: పోపు పోపేనని ఎవరు తేల్చాలి?

2025 మే 8న సిస్టీన్ చాపెల్ పొగగొట్టంలోంచి తెల్లపొగ వచ్చింది, 14వ లియో పోపుగా ఎన్నికయ్యారు. టీవీల్లో అందరం చూశాం. కానీ కేథలిక్కుల్లోనే ఓ చిన్న వర్గం ఉంది, వాళ్ళ లెక్కలో ఆ రోజు రోముకి కొత్త పోపు రానేలేదు. 1958 అక్టోబరు 9న 12వ పయస్ చనిపోయాడు. అప్పట్నుంచీ ఆ కుర్చీ ఖాళీయేనట.

ఈ వాదానికి సెదెవకాంటిజం అని పేరు. ఒక పోపు పోయి ఇంకో పోపు వచ్చేదాకా ఉండే మధ్యకాలాన్ని లాటిన్‌లో 'సెదె వకాంతె' అంటారు, అంటే పీఠం ఖాళీగా ఉన్నప్పుడు అని. మామూలుగా రెండు మూడు వారాల వ్యవహారం. వీళ్ళకి మాత్రం అరవై ఏళ్ళు దాటిపోయింది.

వీళ్ళు పోపంటే గిట్టనివాళ్ళు అనుకునేరు, కానే కాదు. పోపు మాటకి తిరుగులేదని మిగతా కేథలిక్కులకంటే గట్టిగా నమ్మేవాళ్ళు. అసలు చిక్కంతా అక్కడే. ఎవరి మతం వారు ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి ఉందన్న మాటని 1864లో 9వ పయస్ తప్పుల జాబితాలో పెట్టాడు. 1965లో రెండో వాటికన్ మహాసభ మతస్వేచ్ఛ మనిషి హక్కు అని ప్రకటించింది. 1969లో 6వ పాల్ పూజావిధానాన్నే మార్చేశాడు. పోపు ఇలాంటి తప్పు బోధించలేడు, కానీ బోధించాడు, కాబట్టి బోధించినవాడు పోపే కాదు. మొదటి రెండు వాక్యాలు ఒప్పుకున్నారా, మూడోదానికి అడ్డుపడటం కష్టం.

ఇదేదో పండితుల కాలక్షేపం కాదండోయ్. 1968లో బిషప్పుల అభిషేక విధానం కూడా మారింది. కొత్త పద్ధతిలో బిషప్పులైనవాళ్ళు బిషప్పులే కాదని వీళ్ళలో చాలామంది నమ్మకం. అప్పుడు వాళ్ళు తయారుచేసిన ఫాదర్లు ఫాదర్లు కారు, వాళ్ళ దగ్గర చేసిన పాపసంకీర్తనం చెల్లదు. చావుబతుకుల్లో ఉన్న తండ్రి మంచం దగ్గరికి ఏ ఫాదర్‌ని పిలవాలి అన్నది నమ్మేవాళ్ళకి చిన్న ప్రశ్న కాదు. వియత్నాం ఆర్చిబిషప్ న్గో దిన్ థుక్ (అధ్యక్షుడు దియెమ్‌కి అన్న) 1981లో రోము అనుమతి లేకుండా బిషప్పుల్ని అభిషేకిస్తే ఆ పరంపర కోసం వీళ్ళు అంత పాకులాడింది అందుకే.

పాతపద్ధతి వాళ్ళందరూ ఈ దారిన పోలేదు. ఆర్చిబిషప్ లెఫెవ్ 1970లో పెట్టిన 10వ పయస్ సమాజం వాళ్ళు పోపుని పోపనే ఒప్పుకుంటారు, మాట మాత్రం వినరు. ఆయన 1988లో అనుమతి లేకుండా నలుగురు బిషప్పుల్ని అభిషేకించి వెలికి గురయ్యాడు. ఆ నలుగురి మీదా వెలిని 16వ బెనెడిక్ట్ 2009లో ఎత్తేశాడు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే లాటిన్ పూజలో. అందులో పోపు పేరు చెప్పి ప్రార్థించాల్సిన చోటొకటుంది. లెఫెవ్ వాళ్ళు ఆ పేరు చెప్తారు. ఖాళీ కుర్చీ వాళ్ళు దాటేస్తారు.

ఇక చట్టం సంగతి. ఖాళీ కుర్చీ వాళ్ళ పెద్ద ఆధారాలు రెండు. విశ్వాసం తప్పినవాణ్ణి కార్డినల్స్ అందరూ కలిసి ఎన్నుకున్నా ఆ ఎన్నిక చెల్లదని 4వ పాల్ 1559లో జారీచేసిన శాసనం ఒకటి. బహిరంగంగా విశ్వాసం తప్పిన పోపు ఆ క్షణమే, ఎవరూ దించక్కర్లేకుండానే, పదవి కోల్పోతాడన్న బెల్లర్మీన్ వాదన రెండోది. బెల్లర్మీన్ అల్లాటప్పా మనిషి కాదు, చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది. బాగానే ఉంది, కానీ తప్పాడని తేల్చేదెవరు? కజెటాన్ లాంటి పండితులు చర్చి ప్రకటించాలన్నారు. కానీ ప్రథమ పీఠానికి తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదని చర్చి చట్టమే అంటోంది.

మన భాషలో చెప్పాలంటే ఇది రూట్ సర్టిఫికెట్ సమస్య. కింది సర్టిఫికెట్లన్నిటికీ పైనున్నవాడు సంతకం పెడతాడు. అందరికంటే పైనున్నవాడికి తన సంతకమే దిక్కు. నమ్మకం పోయిందా, ఎవరి సిస్టమ్‌లోంచి వాళ్ళు తీసేసుకోవాల్సిందే.

చర్చి చరిత్ర చూస్తే ఈ విషయంలో అది ఎటు మొగ్గిందో తెలుస్తుంది. డబ్బిచ్చి గెలిచిన పోపు ఎన్నిక చెల్లదని 2వ జూలియస్ 1505లో శాసనం చేశాడు. వినడానికి ఎంత బాగుందో! 1904లో 10వ పయస్ దాన్ని తీసేశాడు. 2వ జాన్ పాల్ 1996 నిబంధనలూ అదే అంటాయి. లంచం ఇచ్చినవాళ్ళకి వెలి తప్పదు, ఎన్నిక మాత్రం చెల్లుతుంది, ఆ కారణంతో దాన్ని ఎవరూ సవాలు చెయ్యకూడదు. అంటే దొంగ పోపునైనా భరిస్తాం గానీ అనుమానపు పోపుని భరించలేం అని. నాకైతే ఇది చాలా అనుభవం మీద వచ్చిన తెలివి అనిపిస్తుంది.

ఆ అనుభవం ఎక్కడిదంటే 1378. ఏప్రిల్లో 6వ అర్బన్‌ని ఎన్నుకున్న కార్డినల్సే, రోము జనం గొడవకి భయపడి ఓటేశాం కాబట్టి చెల్లదు అని సెప్టెంబరులో 7వ క్లెమెంట్‌ని ఎన్నుకున్నారు. రోములో ఒకరు, అవిన్యోలో ఒకరు. సియెన్నా కేథరిన్ రోము వైపు, విన్సెంట్ ఫెర్రర్ అవిన్యో వైపు, ఇద్దరూ ఇప్పుడు పునీతులే! 1409లో పీసాలో సభపెట్టి ఈ గొడవ తేలుస్తామని మూడో పోపుని తయారుచేశారు. చివరికి కాన్‌స్టాన్స్ మహాసభలో ఒకాయన రాజీనామా చేశాడు, ఇద్దర్ని దించారు, 1417 నవంబరులో 5వ మార్టిన్ వచ్చాడు. పీసా వరసలో వచ్చిన 23వ జాన్ లెక్కలోంచి పోయాడు, అందుకే 1958లో ఆ పేరూ అంకే మళ్ళీ వాడగలిగారు. అదే వరసలోని 5వ అలెగ్జాండర్ అంకె మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. 1492లో బోర్జా ఏకంగా 6వ అలెగ్జాండర్ అయ్యాడు. వెర్షన్ నంబర్ల గందరగోళం మనకే కాదన్నమాట.

ఈ చరిత్రంతా చూసిన పండితులు ఇంకో సూత్రం చెప్పారు. చర్చి మొత్తం ప్రశాంతంగా ఒకణ్ణి పోపుగా ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలే అతను పోపనడానికి తిరుగులేని సాక్ష్యం. 20వ శతాబ్దం మొదట్లో కార్డినల్ బిల్లో దీన్ని గట్టిగా వాదించాడు. ఖాళీ కుర్చీ వాళ్ళకి ఇది గొంతులో వెలక్కాయ. 1958లో 23వ జాన్‌ని ఒప్పుకోనివాడెవడు?

దీనికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. 12వ పయస్ నియమించిన కార్డినల్స్ అందరూ ఎప్పుడో పోయారు. మరి కొత్త పోపుని ఎన్నుకునేదెవరు? స్పెయిన్‌లోని పాల్మార్‌లో 1978లో ఒకాయన, స్వర్గమే నన్ను నియమించింది అని ప్రకటించుకున్నాడు. అమెరికా కాన్సాస్‌లో 1990లో డేవిడ్ బౌడెన్ అనే ఆయన తనతో కలిపి ఆరుగురి ఓట్లతో, అందులో రెండు అమ్మానాన్నలవి, మైకేల్ అన్న పేరుతో పోపయ్యాడు. నవ్వొస్తుంది గానీ ఆలోచిస్తే వాళ్ళ లెక్కలో ఇదే నిజాయితీ. కుర్చీ ఖాళీ అని నిజంగా నమ్మితే నింపాలి కదా. ఆయన 2022లో పోయేదాకా అలాగే ఉన్నాడు.

ఈ చిక్కు ముందే పసిగట్టింది గెరార్ దె లోరియే అనే ఫ్రెంచి పండితుడు. 1981లో థుక్ అభిషేకించింది ఈయన్నే. పోపుగా ఎన్నికైనవాడికి కుర్చీ మీద హక్కుంది, అధికారం మాత్రం లేదన్నాడు. ఆఫర్ లెటర్ వచ్చింది, లాగిన్ రాలేదు, అలా అన్నమాట. తప్పు దిద్దుకున్న రోజున అధికారం దానంతటదే వస్తుంది. ఈలోగా ఓటర్లని నియమించే హక్కు మాత్రం ఉంటుంది, లేకపోతే వరస తెగిపోతుంది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనిగారికి 2022లో కార్డినల్ పదవి ఇచ్చింది ఫ్రాన్సిస్. మామూలు ఖాళీ కుర్చీ వాళ్ళ లెక్కలో ఆ పదవీ లేదు, 2025లో ఆయనేసిన ఓటూ లేదు. గెరార్ శిష్యుల లెక్కలో ఓటు నిక్షేపంగా చెల్లింది, ఎన్నికా చెల్లింది. 14వ లియోకి లాగిన్ మాత్రం ఇంకా రాలేదు.