చెప్పి వెళ్ళేవి, చెప్పకుండా పోయేవి

మన ఇళ్ళలో బయలుదేరేవారు "వెళతాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. చెప్పి వెళ్ళడం మర్యాద. కంప్యూటరు పరికరాలకు ఈ మర్యాద అబ్బడానికి చాలా ఏళ్ళే పట్టింది. ఆ ముచ్చట కూడా చరిత్రేనని నా అభిప్రాయం.

తొలినాటి పర్సనల్ కంప్యూటర్లలో కార్డు బిగించాలన్నా, పీకాలన్నా యంత్రాన్ని ఆపవలసిందే. కనుక మొదట కనిపించిన పరికరం చివరిదాకా ఉంటుందని డ్రైవరు నమ్మేది. 1990లో వచ్చిన పీసీఎంసీఐఏ కార్డు ఆ నమ్మకాన్ని కదిలించింది; 1996 జనవరిలో వెలువడిన యూఎస్‌బీ దాన్ని పూర్తిగా కూలదోసింది. డ్రైవరు నడిచేది కెర్నెల్‌లో. అక్కడ లేని పరికరాన్నో, విడిచిపెట్టిన జ్ఞాపకస్థలాన్నో తాకితే ఒక్క ప్రోగ్రాము కాదు, వ్యవస్థ మొత్తం కుప్పకూలుతుంది.

2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000 రెండు రకాల వీడ్కోళ్ళను వేరుచేసింది. మొదటిది అనుమతి కోరేది: 'క్వెరీ రిమూవ్'. సంబంధిత డ్రైవర్లలో ఏ ఒక్కటి కాదన్నా 'క్యాన్సిల్ రిమూవ్' వస్తుంది, పని యథాప్రకారం సాగుతుంది. రెండవది 'సర్‌ప్రైజ్ రిమూవల్'. పరికరం అప్పటికే లేదు. కాదనే హక్కు ఎవరికీ లేదు. డ్రైవరు పరికరం జోలికి పోకుండా, మిగిలిన అభ్యర్థనలను విఫలమైనట్లు ప్రకటించి ముగించాలి. దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రాములన్నీ వదిలాకనే 'రిమూవ్ డివైస్' వస్తుంది. జ్ఞాపకస్థలాన్ని విడిచిపెట్టేది అప్పుడే. విండోస్ 98లో ఈ నడిమి సందేశం లేదు, నేరుగా తుది సందేశమే.

లినక్స్ ఇదే చోటికి మరో దారిన చేరింది. యూఎస్‌బీ డ్రైవర్లకు 'డిస్కనెక్ట్' అనే పిలుపు ఉండగా, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ పరికరాలన్నింటికీ ఒకే నమూనా తెచ్చింది. ఒక పరికరాన్ని ఎందరు పట్టుకొని ఉన్నారో లెక్క ఉంటుంది. ఆ లెక్క సున్నా అయితేనే దాని ఆనవాలు చెరుగుతుంది.

రెండు చోట్లా నాకు కనిపించే వివేకం ఒకటే: పోవడం వేరు, మరచిపోవడం వేరు. మనిషి పోయిన క్షణానే ఎవరూ ఇల్లు ఖాళీ చేయరు కదా!

అయితే ఇంకా రాయని సమాచారాన్ని ఏ సందేశమూ కాపాడలేదు. అందుకే 2018లో విండోస్ 10 (1809) బయటి డిస్కులకు 'క్విక్ రిమూవల్' పద్ధతిని ముందుగానే అమర్చింది. వేగం కొంత తగ్గినా, చెప్పకుండా పోయేవాటితో వచ్చే నష్టం తగ్గింది.